నీలం ఎక్కని వరుస

జ్వరం వచ్చిన గుర్రానికి ఒక వాసన ఉంటుంది. ఉడికించి వార్చిన ఉలవల మీద తడి గోనెసంచి కప్పితే వచ్చే వాసన అది. కనకమామిడి ఫామ్‌హౌస్‌లో నేను చూసుకునే గుర్రాలు ఎనిమిది. మా యజమాని శని, ఆదివారాల్లో వచ్చి వాటితో ఫోటోలు దిగి వెళ్తాడు. మిగిలిన ఐదు రోజులూ పాపం అవి నా మొహమే చూడాలి. నిన్న వాటికి టీకాలు వేశారు. ఇవాళ తెల్లవారి షెడ్డులో అడుగు పెట్టగానే ఆ వాసన ముక్కుకు తగిలింది. చివరి గుర్రం చెవి వెనుక అరచెయ్యి పెట్టి చూశాను. వేడి మణికట్టు దాకా ఎక్కింది. టీకా వేసిన మర్నాడు ఆమాత్రం వేడి మామూలే. అయినా నా వెనుక ఎవరో నిలబడి, నా చెయ్యి తర్వాత ఏం చేస్తుందోనని చూస్తున్నట్టు అనిపించింది. తిరిగి చూశాను. గడ్డి మోపు తప్ప ఏమీ లేదు. అలా నిలబడి చూసే అలవాటున్న మనిషి పోయి చాలా ఏళ్లయింది.

ఆమె పేరు డాక్టర్ సుగుణ. మేమందరం డాక్టరమ్మ అనేవాళ్లం. చేవెళ్లలో పుట్టి పెరిగిన మనిషి. వాళ్ల నాన్న వారమంతా పొలం పనికి పోయి, ఆదివారం తెల్లచొక్కా తొడుక్కుని చర్చిలో ముందు వరుసలో కూర్చునేవాడట. ఆమె పశువైద్యం చదివి, అది చాలదన్నట్టు రక్తం గురించి ఇంకా పెద్ద చదువు చదివింది. నేనేమో ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ణి. సారు లెక్క అడిగితే ఏదో ఒకటి అని నవ్వించేవాణ్ణి. క్లాసంతా నవ్వేది, సారూ నవ్వేవాడు, లెక్క మాత్రం బోర్డు మీద అట్లాగే ఉండేది. మా ఊరు సురంగల్‌లో ఎవరింట్లో చావు జరిగినా మూడో రోజు దాకా నన్ను ఆ గడప తొక్కనివ్వరు, ఎక్కడ నవ్వించి పరువు తీస్తానోనని. అలాంటి నాకు, నవ్వించకుండా ఒక్క వాక్యం చెప్పడం నేర్పిన మనిషి ఆమె. మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. అందుకే ఇది రాస్తున్నాను.

పాము కరిస్తే దవాఖానలో ఎక్కించే మందు గుర్రం రక్తంలో తయారవుతుందని, ఇరవై ఆరేళ్లకు ఆ సీరం కంపెనీలో సైసుగా, అంటే గుర్రాలు చూసుకునేవాడిగా, చేరేదాకా నాకు తెలియదు. మొయినాబాద్ దాటాక రోడ్డుకు కాస్త లోపలగా, వేపచెట్ల మధ్య పొడుగాటి రేకుల షెడ్డు. అందులో నలభై గుర్రాలు. నెలకోసారి వాటికి పాము విషం చాలా కొంచెంగా, ప్రాణం తీయనంత పలచగా చేసి, సూదితో ఎక్కిస్తారు. గుర్రం రక్తం ఆ విషాన్ని గుర్తుపట్టి దానికి విరుగుడు తయారు చేసుకుంటుంది. కొన్ని నెలల తర్వాత రక్తం తీసి, పైన తేలిన పసుపు నీటిని మందుకు ఉంచుకుని, కింద పేరుకున్న ఎర్రటిదాన్ని మళ్లీ గుర్రానికే ఎక్కిస్తారు.

మొదటిరోజు అది చూసి నా నోట మాట రాలేదు. నన్నెరిగిన వాళ్లు ఇది నమ్మరు. గుర్రం నిలబడే కునుకు తీస్తోంది. దాని పక్కన ఇనుప స్టాండుకు సంచిలో దాని రక్తం వేలాడుతోంది. సంచిని ముట్టుకుంటే వెచ్చగా ఉంది. సగం గుర్రం కొయ్యకు, సగం గుర్రం స్టాండుకు కట్టేసినట్టు ఉంది. నలభై గుర్రాలున్న షెడ్డులో ఈగ చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దం భరించలేక, అప్పుడే లోపలికి వచ్చిన డాక్టరమ్మ మీద నోరు పారేసుకున్నాను. నీడలో కూడా ఆమె పెద్ద అంచు టోపీ, మణికట్టు దాకా చేతులున్న కోటు వేసుకుని ఉంది. బుగ్గలు మాత్రం ఎండలో తిరిగి వచ్చినట్టు ఎర్రగా ఉన్నాయి.

“ఏందమ్మా, షెడ్డుల గూడ టోపీ పెట్టిన్రు? ఈడ పాములు పైకెల్లి పడతయా?” అన్నాను.

“పాములు పడవు, వెలుగు పడతది,” అంది ఆమె, నవ్వకుండా. “చేతులు చూపియ్యి.”

చూపించాను. వెనక్కీ ముందుకీ తిప్పి చూసింది. రోజూ సాయంత్రం ఇంటికి పోయే ముందు ఈ చేతులు ఆ రోజు ఏమేం చేశాయో తనకు చెప్పాలని, నోరు ఏం చేసిందో అక్కర్లేదని చెప్పింది. అక్కడి సైసులందరికీ అదే నియమం. ఎంత గడ్డి వేశాం, ఎన్ని నీళ్లు పెట్టాం, ఏ గుర్రాన్ని ఎక్కడ ముట్టుకున్నాం, అన్నీ ఆమె ముందు నిలబడి అప్పజెప్పాలి. ఆమె పుస్తకంలో రాసుకునేది. ఎవరైనా “ఏమో” అంటే కలం ఆపి, మొహంలోకి చూస్తూ నిలబడేది. ఆ చూపు కింద ఎక్కువసేపు ఉండలేక మనిషి నిజం చెప్పేవాడు. నేను మాత్రం ఏదో ఒక జోకు వేసి గట్టెక్కేవాణ్ణి. గట్టెక్కుతున్నానని అనుకునేవాణ్ణి.

చేరిన రెండో నెలలో ఆమె నన్ను ల్యాబులోకి పిలిచింది. లోపలికి పోయేముందు చెప్పులు మార్చాలి, చేతులు మోచేతిదాకా కడగాలి. పెళ్లిచూపులక్కూడా నేను అంత శుభ్రంగా పోలేదని అన్నాను. ఆమె పట్టించుకోలేదు. చిన్న చిన్న మూతల్లాంటి రెండు గాజుపాత్రలు ముందు పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి మైక్రోస్కోపులో చూడమంది. మొదటిదాంట్లో గుండ్రంగా, తళతళలాడే చుక్కలు. రెండోదాంట్లో ముడుచుకుపోయి, పొట్టులా రాలిన ముక్కలు. రెండూ ఒకే గుర్రం రక్తం నుంచి, ఒకే పూట తీసిన కణాలట. వాటిని బి కణాలంటారని, విషానికి విరుగుడు తయారు చేసేది అవేనని చెప్పింది.

“రెండోదాంట్ల విషమేసిన్రా?” అని అడిగాను.

“ఎయ్యలే.”

“మరి ఎవరు చంపిన్రు?”

“ఎవ్వరు చంపలే, ఎల్లేశం. పిలువలే.”

ఆమె చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. ఒంట్లో కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. నోటితో కాదు, కంటికి కనిపించనంత చిన్న పదార్థాలను రక్తంలోకి వదిలి. వాటిని సైటోకైన్లు అంటారు. ఒకటి ‘వేడెక్కు’ అంటుంది, దానివల్ల జ్వరం వస్తుంది. ఒకటి ‘పెరుగు’ అంటుంది. ఒకటి ‘విరుగుడు చెయ్యి’ అంటుంది. వాటిలో బాఫ్ అనేదానిది ఒకటే మాట: ‘బతుకు.’ కొత్తగా పుట్టిన బి కణానికి ఆ మాట చెవిన పడుతూ ఉండాలి. పడటం ఆగిపోతే దాన్ని ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు. అదే తనను తాను మడిచిపెట్టుకుని, చప్పుడు చేయకుండా పోతుంది. మొదటి పాత్రలో ఆమె ముందే రెండు చుక్కల బాఫ్ వేసి ఉంచింది. రెండోదాంట్లో వేయలేదు. అంతే తేడా.

ఆ సాయంత్రం బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే నా ఒంట్లో కోట్లమంది చెవులు రిక్కించి కూర్చున్నట్టు అనిపించింది. మా అవ్వ గుమ్మంలోంచి “ఎల్లిగా” అని పిలిస్తే ఎప్పుడూ లేనిది మొదటి పిలుపుకే పలికాను. ఆమెకు అనుమానం వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

ఆ ఏడాది ఎండలు ముదిరే ముందు ఆరు కొత్త గుర్రాలు వచ్చాయి. వాటిలో ఒకటి గౌరి. పెళ్లి ఊరేగింపుల్లో వరుళ్లను మోసి మోసి, బ్యాండు చప్పుడుకు సగం చెవుడు వచ్చిన తెల్ల ఆడగుర్రం. పదిమంది సైసుల్లో నన్నే ఏరుకుంది. నా చేత్తో పెడితేనే తినేది. నేను వేసే జోకులకు తల ఊపేది. అంతకంటే మంచి శ్రోత నాకు ఈ జన్మలో దొరకలేదు. మొదటి సూది వేసిన మర్నాడు దానికి జ్వరం వచ్చింది. మెడ మీద కొబ్బరికాయంత వాపు. కాళ్లు వణుకుతున్నాయి, కళ్ల వెంట నీళ్లు. మిగతా ఐదింటికీ అదే పరిస్థితి. ఇది రావాల్సిందే, నీళ్లు పెట్టి నీడన ఉంచి కనిపెట్టుకుని ఉండండి, ఇంకేమీ చేయవద్దని డాక్టరమ్మ చెప్పి వెళ్లింది. కానీ గౌరి తలను నా భుజం మీద వాల్చి, పెళ్లివాళ్లు వదిలేసి పోయిన ముసలమ్మలా మూలిగింది.

మా అవ్వ మోకాళ్ల నొప్పులకు మా ఊరి ఆర్ఎంపీ తెల్ల మాత్రలు ఇచ్చేవాడు. వేసుకున్న పూటే నొప్పి, వాపు, జ్వరం, అన్నీ దిగేవి. ఊళ్లో వాటిని ‘లేపుడు గోలీలు’ అనేవాళ్లు, మంచం పట్టిన మనిషిని లేపి కూర్చోబెడతాయని. మనిషికి ఒకటైతే గుర్రానికి నలభై అని నాకు నేనే వైద్యం తేల్చుకున్నాను. దంచి, బెల్లం ముద్దలో పెట్టి గౌరికి తినిపించాను. సాయంత్రానికి జ్వరం దిగింది. మర్నాటికి వాపు తీసింది. నా అంత డాక్టరు చుట్టుపక్కల మండలాల్లో లేడనుకున్నాను. రోజూ పెడితే బలమని రోజూ పెట్టడం మొదలుపెట్టాను. సాయంత్రం డాక్టరమ్మ ముందు చేతుల లెక్క అప్పజెప్పేటప్పుడు బెల్లం ముద్ద అనేవాణ్ణి. అబద్ధం కాదు కదా, బెల్లమే. లోపల ఏముందని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

చదువుతున్న మీకు సంగతి ఈపాటికి అర్థమై ఉంటుంది. నాకు కాలేదు. అందుకే తర్వాత జరిగినవన్నీ చూసి అందరికంటే ఎక్కువ భయపడింది నేనే.

రెండో సూది వేశారు. మిగతా ఐదు గుర్రాలూ వేడెక్కి, తలలు వేలాడేసి నిలబడ్డాయి. గౌరి మాత్రం చల్లగా ఉంది. దాణా అంతా తినేసింది, వెంట్రుక నిగనిగలాడుతోంది. కానీ ఎదురుగా ఏమీ లేని గోడనే గంటల తరబడి చూస్తూ నిలబడేది. ఖాజా మియా అని మాలో పెద్ద సైసు ఉండేవాడు. పాతబస్తీలో మూడు తరాలుగా గుర్రాలు చూసిన కుటుంబం. ఆయన గౌరి పక్కటెముకల మీద చెయ్యి వేసి, ఏదో వింటున్నట్టు కళ్లు మూసుకుని, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“గీ గుర్రంల ఎవ్వరు లేరు, ఎల్లేశం భాయ్,” అన్నాడు.

“ఉంటే కిరాయి అడుగుదుమా చాచా?” అన్నాను. నవ్వాడేమోనని చూశాను. ఆయన అప్పటికే దూరంగా నడుస్తున్నాడు. ఆ తర్వాత గౌరిని కట్టేసే అర దగ్గరికి నేను తప్ప ఎవరూ వచ్చేవారు కాదు. ఎవరో గడపకు నిమ్మకాయ కట్టారు.

మూడో సూది తర్వాత డాక్టరమ్మ నన్ను మళ్లీ ల్యాబుకు పిలిచింది. బల్ల మీద అరచేతి వెడల్పు ప్లాస్టిక్ పలక, దాని నిండా వరుసలు వరుసలుగా బియ్యపుగింజ పట్టేంత గుంటలు. గుంటల అడుగున విషం పూత ఉంటుంది. ఒక్కో వరుసలో ఒక్కో గుర్రం రక్తపు నీరు పోస్తారు. విరుగుడు ఉంటే అది విషాన్ని పట్టుకుంటుంది, పట్టుకున్న చోట నీలం రంగు ఎక్కుతుంది. నా కళ్లముందే రంగు ఎక్కడం మొదలైంది. ఒక వరుస, రెండు, మూడు, నాలుగు, ఐదు. కాపర్ సల్ఫేట్ కలిపినట్టు చిక్కటి నీలం. ఆరోది నీళ్లలా ఉండిపోయింది. పలకను వెలుగుకు పెట్టి చూశాను. ఆ వరుసలోంచి బల్ల మీది చెక్క గీతలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. మూడు నెలలు నా చేత్తో తిన్న గుర్రం, మూడుసార్లు విషం ఎక్కించుకున్న గుర్రం, అక్కడ లేదు.

“దీని రక్తంల ఎవరో మాటలు సాగనిస్తలేరు,” అంది డాక్టరమ్మ మెల్లగా. “సూది ఏసిన ప్రతిసారి కొత్త కణాలు పుట్టే ఉంటయ్. పిలుపు కోసం చూసి చూసి పోయినయ్. ఇట్ల నేను ఎన్నడు చూడలే.”

ఆమె చేతి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉండటం చూశాను. నా సంగతి చెప్పనక్కర్లేదు.

కంపెనీలో పద్ధతి ఒకటుంది. మూడు సూదుల తర్వాత కూడా రంగు ఎక్కని గుర్రం, కారణం తెలియకపోతే, షెడ్డులో ఉండకూడదు. దాన్ని కొనుక్కునే వ్యాపారి లారీ తెస్తాడు. ఆ లారీ ఎక్కిన గుర్రం తర్వాత ఏమయ్యేదో ఎవరూ అడిగేవాళ్లు కాదు. అడిగితే సమాధానం వస్తుందని భయం. సోమవారం లారీ వస్తుందని మేనేజరు శనివారం పొద్దున చెప్పాడు.

ఆ మధ్యాహ్నం గౌరి అరలో కూర్చుని ముద్ద కడుతున్నాను. ప్రయాణానికి బలంగా ఉండాలని యాభై మాత్రలు దంచాను. ఏడుపు రాకుండా గౌరికి జోకులు చెబుతున్నాను. రెండో జోకు మధ్యలో గౌరి తల ఊపడం ఆపి నా వెనుకకు చూసింది. డాక్టరమ్మ గడప దగ్గర నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. వంగి, నా చేతిలోంచి బెల్లం ముద్ద తీసుకుంది. విరిచింది. లోపలి తెల్లటి పొడిని వేలితో అద్ది నాలుక మీద పెట్టుకుంది. ఆమె మొహం ఏమీ మారలేదు. అంత చేదుకు మొహం మారని మనిషి ఉండదు, ఆ చేదు అలవాటైపోతే తప్ప.

“రోజు నా నోట్ల పడే చేదే ఇది,” అంది. “నువ్వు గూడ చూడు.”

ముద్ద నా నోటి దగ్గర పెట్టింది. నాకాను. చేదు గొంతులోకి దిగి, చెవుల దాకా పాకింది. అప్పుడు ఆమె నా ఎదురుగా గడ్డి మీద కూర్చుని, టోపీ తీసింది. టోపీ లేకుండా ఆమెను చూడటం అదే మొదటిసారి. రెండు బుగ్గలనూ ముక్కునూ కలుపుతూ, ఎవరో సీతాకోకచిలుకను రెక్కలు విప్పి పడుకోబెట్టినట్టు ఎర్రటి మచ్చ.

అవి స్టీరాయిడ్ మాత్రలు. కణాలు మాట్లాడుకునే మాటలను నొక్కిపెట్టడమే వాటి పని. జ్వరం ఒక రోగమని నేను అనుకున్నాను, అది మాటల చప్పుడు. ఆ చప్పుడు ఆపాను, దాంతోపాటు ‘పెరుగు’, ‘విరుగుడు చెయ్యి’ అనేవన్నీ సన్నగిల్లాయి. గౌరి ఒంట్లో పుట్టిన కొత్త కణాలన్నీ ఆ రెండో గాజుపాత్రలోలా ముడుచుకుపోయాయి. మూడు నెలలు నేను బెల్లంతో పెట్టింది ఆ నిశ్శబ్దమే. ఇంకో నెల సాగితే డెక్కలు కూడా దెబ్బతినేవని చెప్పింది.

“మరి మీకెందుకమ్మా ఇవి?” అని అడిగాను.

“నాది ఉల్టా,” అంది. “నా రక్తంల ‘బతుకు’ అనే మాట ఎక్కువైంది. పోవాల్సినోళ్లు పోతలేరు. నా ఒంటినే పరాయిదనుకునే కణాలు కొన్ని అందరిల పుడతయ్, పిలుపు అందక పోతయ్. నా దాంట్ల వాటికి గూడ పిలుపు అందుతున్నది. లోపల్నే ఉండి నా కిడ్నీలు తింటున్నయ్. వాటి నోరు నొక్కనీకే ఈ గోలీలు, అవి ఎండకు రెచ్చిపోకుండ ఈ టోపీ.”

ఏదైనా అనాలనిపించింది. నాలుక మీదికి ఒక జోకు వచ్చేసింది కూడా. ఆమె కనిపెట్టింది.

“వద్దు,” అంది. “నీ జోకు గూడ ఈ గోలీ లెక్కనే, ఎల్లేశం. ఏసిన పూట మంచిగుంటది. లోపల ఏమైతున్నదో తెలువనియ్యది.”

లారీ ఆగాలంటే కారణం రాతపూర్వకంగా ఉండాలి. ఆమె నన్ను గదిలోకి తీసుకెళ్లి రోజువారీ పుస్తకం తెరిచి, కలం నా ముందు పెట్టింది. మీరే రాయండమ్మా, నేను వేలిముద్ర వేస్తాను అన్నాను. తాను రాస్తే అది డాక్టరు అనుమానం అవుతుందని, నేను రాస్తేనే జరిగిన సంగతి అవుతుందని చెప్పింది. రాస్తే నా ఉద్యోగం పోతుందని కూడా దాచకుండా చెప్పింది. రాయకపోయినా తాను నన్ను పట్టివ్వదట. గుర్రం పోతుంది, నేను ఉంటాను. తర్వాత కిటికీ వైపు తిరిగి నిలబడింది.

ఏడో తరగతి తర్వాత సంతకం తప్ప ఏమీ రాయనివాణ్ణి. ఖాళీ పేజీ గౌరి వరుసలా కనిపించింది. మొదట ‘ఏమో తెలియక’ అని రాసి కొట్టేశాను. అక్షరాలు ఒక్కోటి ఒక్కో సైజులో వచ్చాయి. చివరికి రాసింది ఇది: ‘గౌరికి మాత్రలు పెట్టింది నేను. రోజుకు నలభై. మొదటి సూది మర్నాటి నుంచి. దాని జ్వరం నేను చూడలేక పెట్టిన. ఎల్లేశం.’ డాక్టరమ్మ చదివి, ఒత్తు తప్పున్న చోట కూడా దిద్దలేదు.

మేనేజరు లారీని ఆపాడు, నన్నూ అప్పుడే పొమ్మన్నాడు. నా చేత్తో తప్ప తినని గుర్రాన్ని మాత్రల నుంచి మెల్లమెల్లగా మళ్లించాలంటే నేను ఉండక తప్పదని డాక్టరమ్మ పట్టుబట్టింది. ఇంకొక్క సూది దాకా ఉండమన్నారు. ఒక్కసారిగా మానేస్తే ఒళ్లు తట్టుకోదని వారం వారం తగ్గిస్తూ వచ్చాం. తగ్గిస్తున్న ప్రతి ముద్దలో ఎన్ని మాత్రలో రోజూ నేనే రాశాను. సున్నా అని రాసిన రోజు నుంచి ఇంకొన్ని వారాలు ఆగి, నాలుగో సూది వేశారు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం జ్వరం వచ్చింది. థర్మామీటరు నూట నాలుగు చూపించింది. గౌరి ముంగాళ్లు మడిచి కూలబడింది. ఊపిరి నా మొహానికి సెగలా తగులుతోంది. మెడ మీది వాపు కొట్టుకుంటోంది. నా చేతులకు ఏం చేయాలో తెలియడం లేదు. రెండు చేతులూ పిరుదుల కింద పెట్టుకుని కూర్చున్నాను. డాక్టరమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. ఆ నెలల్లో ఆమె మొహం ఉబ్బి గుండ్రంగా అయిపోయింది, కాళ్లకు నీరు పట్టింది. గౌరి మూలిగింది. ఉండబట్టలేక నేను దానికి జోకు మొదలుపెట్టాను.

“ఊకో,” అంది డాక్టరమ్మ. “లోపల మాట్లాడుకుంటున్నరు. మాట్లాడుకోనియ్యి.”

ఊరుకున్నాను. రేకుల మీద ఎండ టకటకమంటోంది. కాసేపటికి ఆ చప్పుడు కూడా ఆగింది. తల ఎత్తి చూస్తే, షెడ్డు ఆ చివరి దాకా ప్రతి గుర్రమూ మేయడం మానేసి చెవులు గౌరి వైపు తిప్పి నిలబడి ఉంది. ఏ గాలీ లేదు, ఏ అలికిడీ లేదు. ఖాజా మియా గడప దగ్గరికి వచ్చి, నెమ్మదిగా టోపీ సర్దుకుని, అక్కడే నేల మీద కూర్చున్నాడు. నేను గౌరి పక్కటెముకలకు చెవి ఆనించాను. గుండె చప్పుడు, పేగుల గరగర, అంతే. అయినా వాటి వెనుక ఏదో ఉందని, పెద్ద సంతను దూరం నుంచి వింటే వచ్చే రొదలాంటిది ఉందని ఈ రోజుకీ ప్రమాణం చేసి చెప్పగలను. నా పక్కన డాక్టరమ్మ పొట్లంలోంచి తన మాత్ర తీసి, నీళ్లు లేకుండానే మింగింది. ఆ అరలో ఒక ఒంట్లో మాటలు మొదలవుతుంటే, ఇంకో ఒంట్లో అణుగుతున్నాయి. ఆ రెంటి మధ్య కూర్చుని నేను ఎటూ జరగలేకపోయాను.

రెండు వారాల తర్వాత పలక మీద ఆరో వరుసలో రంగు కనిపించింది. మొదట గుంట అంచున సన్నటి చారలా వచ్చింది. తర్వాత నాలుగు గుంటల దాకా పాకింది. మిగతా వాటంత చిక్కగా లేదు, ఆకాశం రంగు. డాక్టరమ్మ బల్ల అంచు పట్టుకుని, పలకను నా వైపు జరిపింది. గౌరి ఉండిపోయింది. ఆ సాయంత్రం చేతుల లెక్క చివరిసారి అప్పజెప్పి నేను వచ్చేశాను.

ఆ వానాకాలంలోనే డాక్టరమ్మ పోయింది. ఊరందరికీ వచ్చి పోయే దగ్గే ఆమెకూ వచ్చిందట. తన ఒంట్లో మాటలన్నీ నొక్కిపెట్టి ఉంచిన మనిషి కదా, దగ్గు వచ్చిందని కూడా లోపలివాళ్లకు తెలియలేదు. జ్వరం రాలేదట. అందుకే ఎవరూ తొందరపడలేదట. చేవెళ్ల చర్చి వెనుక మట్టి ఇస్తుంటే నేను చివర నిలబడ్డాను. చావింట నన్ను చూసి పక్కకు జరిగేవాళ్లెవరూ ఆ రోజు జరగలేదు.

రెండేళ్ల తర్వాత ఖాజా మియా మొయినాబాద్‌లో కలిశాడు. గౌరికి మెడ గాయమై ఏడాదిగా సూదులు ఆపేశారని, అయినా మొన్న పరీక్ష చేస్తే వరుస ఇంకా నీలంగానే ఉందని చెప్పాడు. కొన్ని బి కణాలు పెద్దవై ఎముకల్లోపలికి పోయి కూర్చుంటాయని, అక్కడ ఇరుగుపొరుగు కణాలు వాటికి బతుకు అని చెబుతూనే ఉంటాయని డాక్టరమ్మ ఒకసారి నాకు చెప్పింది. అది నేను ఖాజా మియాకు చెప్పలేదు. అయినా ఆయన తన మోచేతి ఎముకను తడుముకుంటూ, లోపల ఎవరో వింటున్నారన్నట్టు గొంతు తగ్గించి, సలాం చెప్పి పోయాడు.

ఇప్పుడు నా దగ్గరున్న ప్రతి గుర్రానికీ ఒక నోటుబుక్కు పెట్టాను. గుర్రానికి ఏమైందన్నది అందులో రెండో వాక్యం. నేను ఏం పెట్టానన్నది మొదటి వాక్యం. కొత్త పశువుల డాక్టర్లు వచ్చి చూసి, ‘ఇంత రాయాలా అన్నా, నీ రాత కంటే గుర్రం రాత నయం’ అని ఎగతాళి చేస్తారు. నేనూ వాళ్లతో కలిసి నవ్వుతాను, ఇంకో రెండు మాటలు కలిపి నవ్విస్తాను. వాళ్లు పోయాక కూర్చుని రాస్తాను. చివరి అక్షరం దగ్గర చెయ్యి కాసేపు ఆగుతుంది. ఏమీ తినకపోయినా నాలుక మీద సన్నగా చేదు మొదలవుతుంది, గొంతులోకి దిగుతుంది, చెవుల దాకా పాకుతుంది. కొన్ని రోజులు రాదు. రాని రోజు పేజీని మొదటి నుంచి చదువుకుంటాను, ఎక్కడో ఏదో దాచే ఉంటాను. దొరుకుతుంది. దిద్దుతాను. చేదు తగిలాకే సంతకం పెడతాను.